కొబ్బరిపాల చాటున రమ్ము

"వంటల పేజీలో రమ్ము సంగతేవిటమ్మా!" అని మీరు బుగ్గలు నొక్కుకుంటారని నాకు తెలుసు. నొక్కుకోండి, కానీ పేజీ మాత్రం తిప్పెయ్యకండి. ముందే చెప్పేస్తున్నాను, నేను తాగను. అరవై రెండేళ్ళొచ్చాయి, ఇంతవరకూ నా నోట ఒక్క చుక్క పడలేదు, ఇక పడబోదు కూడా. మిమ్మల్ని తాగమని చెప్పడానికీ ఇది రాయడం లేదు. కానీ చూడండి, మన పిల్లలు ఎక్కడెక్కడికో వెళ్ళి స్థిరపడ్డారు. అమెరికా దాకా ఎందుకు, హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉన్న పిల్లల ఇళ్ళల్లో కూడా ఇప్పుడు పదిమంది చేరితే ఓ సీసా కనపడడం వింత కాదు. అది మనకి నచ్చినా నచ్చకపోయినా, ఆ సీసా వచ్చి కూర్చునేది మన వంటగట్టు మీదే. తిరిగేది మన మిక్సీలోనే. మన మిక్సీలో ఏం తిరుగుతోందో మనకి తెలియొద్దూ?

నేను చెప్పబోయే పానీయం పేరు పినా కొలాడా. కొబ్బరి, అనాసపండు, తెల్ల రమ్ము, ఈ మూడూ ఐసుతో కలిపి మిక్సీలో తిప్పితే వచ్చేది. చూడ్డానికి చిక్కటి కొబ్బరి పాయసంలా ఉంటుంది. స్పానిష్ భాషలో పినా అంటే అనాస, కొలాడా అంటే వడగట్టినది. పుట్టినిల్లు ప్యూర్టోరికో. కరేబియన్ సముద్రంలో అమెరికా ఏలుబడిలో ఉన్న దీవి అది. రాజధాని శాన్ హువాన్‌లోని కరీబ్ హిల్టన్ హోటల్లో రామోన్ మరేరో అనే ఆయన 1954లో దీన్ని మొదట కలిపాడని ఆ హోటలువాళ్ళు చెప్పుకుంటారు. కాదు కాదు, మా దగ్గర 1963లో పుట్టిందని అదే ఊళ్ళో బర్రాచినా అనే భోజనశాలవాళ్ళు గోడకి ఫలకం తగిలించుకుని మరీ చెప్పుకుంటారు. ఆ తగువు మనం తీర్చలేం. 1978లో ప్యూర్టోరికో ప్రభుత్వం దీన్ని తమ అధికారిక పానీయంగా ప్రకటించిందన్నది మాత్రం ఖాయం.

అసలు దీన్ని ఊరూరా తిప్పింది రమ్ము కాదనిపిస్తుంది నాకు, కొబ్బరి డబ్బా. కొబ్బరి కోరి, రుబ్బి, గుడ్డలో వేసి పిండడం ఎంత పనో మీకు నేను చెప్పాలా? అదే దీవిలో రామోన్ లోపెజ్ ఇరిజారీ అనే ఆయన కొబ్బరి మీగడని పంచదారతో కలిపి డబ్బాకెక్కించే పద్ధతి కనిపెట్టాడు. కోకో లోపెజ్ అనే పేరుతో ఇప్పటికీ అమెరికా కొట్లలో దొరుకుతుంది. చేతులు నొప్పెట్టే పని తప్పేసరికి ఇంటింటా మిక్సీలు తిరిగాయి.

ఇంకో తమాషా చూడండి. అనాస మనది కాదు. దక్షిణ అమెరికా నుంచి పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చి మన తీరాన దింపారు. 'అనాస' అన్న పేరు కూడా అక్కడి ఆదివాసుల మాటే, పోర్చుగీసువాళ్ళ నోటి మీదుగా వచ్చింది. ఇవాళ సీతంపేట ఏజెన్సీ అనాస తినేవాళ్ళెవరికైనా అది పరాయి పండంటే నమ్ముతారా? ఇక కొబ్బరి ఆ దీవులది కాదు. మన హిందూ మహాసముద్రం వైపునుంచి అటు వెళ్ళింది. చెరకూ అంతే, కొలంబస్ 1493లో రెండోసారి వెళ్ళినప్పుడు చెరకు ముక్కలు ఓడలో వేసుకెళ్ళి ఆ దీవుల్లో నాటించాడు. అదే ప్రయాణంలో అనాసని మొదటిసారి చూశాడు. ఇటునుంచి కొబ్బరీ చెరకూ అటు, అటునుంచి అనాస ఇటు. వియ్యాలవారి సారె లాగా ఉంది కదూ! అయితే ఆ సారె వెనక ఆఫ్రికా నుంచి గొలుసులతో కట్టి తెచ్చిన బానిసల చెమటా రక్తమూ ఉన్నాయి. ఆ చెరకు తోటల్లో గొడ్లలా చాకిరీ చేసింది వాళ్ళే.

రమ్ము ఆ చెరకులోంచే వస్తుంది. పంచదార తీశాక నల్లగా, జిగటగా మిగిలే మడ్డిని పులియబెట్టి, బట్టీ పెట్టి దించితే రమ్ము. ఇది విన్నప్పుడు నా మనసు చివుక్కుమంది. ఎందుకంటే మా జిల్లాలో ప్యాకెట్లలో కట్టి అమ్మిన సారాకీ తల్లి ఆ చక్కెర మడ్డే.

మాది నెల్లూరు జిల్లాలో ఓ పల్లె. మా చిన్నమ్మ మొగుడు మంచివాడే, పొద్దుగూకే దాకా. 1980లలో సారా ప్యాకెట్లు ఊరి నడిబొడ్డుకి వచ్చేశాక కూలి డబ్బులు ఇంటికి రావడం మానేశాయి. మొదట ఇత్తడి బిందెలు పోయాయి, తరవాత కాళ్ళ పట్టీలు, ఆ తరవాత పిల్లకని దాచిన జత కమ్మలు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారన్న కబురు ఊరూరా పాకింది. రాత్రి బడుల్లో నాలుగు అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు, నేర్చుకోనివాళ్ళు, అందరూ కదిలారు. మా చిన్నమ్మ అయితే చీపురుకట్ట పట్టుకుని కొట్టు ముందర అడ్డంగా కూర్చుంది, మొగుడు కూడా క్యూలో ఉన్నాడని తెలిసీ. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. 1995 జనవరి 16 నుంచి మొత్తం మద్యమే ఆపారు, కానీ ఆ రెండోది 1997లో ఎత్తేశారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఎక్కడినుంచి వచ్చి ఆ మిక్సీ ముందు నిలబడ్డానో మీకు తెలియాలి కదా.

పోయిన ఏడాది వేసవిలో డల్లాస్ దగ్గర మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. జూలైలో ఓ శనివారం ఏడెనిమిది తెలుగు కుటుంబాలు వచ్చాయి. బిర్యానీ ఒకరు, గుత్తివంకాయ ఒకరు, పెరుగు గారెలు నేను. మా అమ్మాయి పెద్ద గాజు జగ్గునిండా ఈ పినా కొలాడా చేసింది. రమ్ము పోసింది మా అల్లుడు. వచ్చినవాళ్ళలో తెనాలి నుంచి పెళ్ళై వచ్చి అయిదు నెలలన్నా కాని ఓ పిల్ల ఉంది. బయట నిప్పులు చెరిగే ఎండ. "ఇందులో ఏముందక్కా?" అని అడిగితే, "జ్యూసే లేవే, కాస్త రమ్ము ఉంటుంది, తెలియను కూడా తెలియదు" అన్నారు. ఆ పిల్ల దాహానికి గటగటా ఒక గ్లాసు, బావుందని ఇంకో గ్లాసు.

గంటయ్యేసరికి బాత్రూం దగ్గర గోడ పట్టుకుని నిలబడి ఉంది. చెయ్యి పట్టుకుని నా గదిలోకి తీసుకెళ్ళి, ఓ పక్కకి ఒత్తిగిల్లి పడుకోబెట్టి, బకెట్టు దగ్గర పెట్టి కూర్చున్నాను. వాంతి అయింది. కళ్ళనీళ్ళతో ఆ పిల్ల అడిగిన మాట ఒకటే, "ఆంటీ, మా అత్తయ్యకి తెలిస్తే ఎలా?" ఒంట్లో ఎలా ఉందో చెప్పుకోవడం మాట అటుంచి, వేల మైళ్ళ అవతల ఉన్న అత్తగారి భయం. చూడండి, ఆ పిల్ల చేసిన తప్పేవిటి? అడిగింది. జ్యూసన్నారు.

"తెలియను కూడా తెలియదు" అన్న ఆ మాట దగ్గర ఆగుదాం. సారా తాగేవాడికి గొంతు మండుతుంది, వాసన చుట్టుపక్కలవాళ్ళకీ తెలుస్తుంది. బీరైతే చేదు. ఇందులో అవేమీ ఉండవు. కొబ్బరి మీగడ నాలుక మీద పొరలా పరుచుకుని ఘాటుని కప్పేస్తుంది. అనాస పులుపు, పంచదార తీపి, ఐసు చల్లదనం మిగతాది దాచేస్తాయి. నోటికి తెలియనంత మాత్రాన ఒంటికి తెలియకుండా పోతుందా? నాలుక చెప్పనప్పుడు కొలత చెప్పాలి. ఆ కొలత ఆ రోజు ఎవరి దగ్గరా లేదు.

అందరూ వెళ్ళాక మా అల్లుణ్ణి అడిగాను. "బాబూ, పప్పులో ఉప్పెంత వేశావంటే చెప్పగలవుగా, ఇందులో రమ్మెంత పోశావో చెప్పు." నవ్వి ఊరుకున్నాడు. తరవాత తనే సీసా తీసి వెలుగుకి పట్టి చూశాడు. 750 మిల్లీలీటర్ల సీసాలో సగం ఖాళీ. ఆ జగ్గు ఆరు గ్లాసులకి వచ్చింది. అంటే గ్లాసుకి 60 మిల్లీలీటర్ల పైమాటే. మన దగ్గర పెద్ద పెగ్గు అంటారే, అంతకంటే కొంచెం ఎక్కువ. అమెరికా వైద్యుల లెక్కలో 40 శాతం సారాయం ఉన్న రమ్ము 45 మిల్లీలీటర్లయితే ఒక డ్రింకు, అంటే 14 గ్రాముల అసలు ఆల్కహాలు. ఆ తెనాలి పిల్ల జన్మలో మొదటిసారి, ఎండలో, సగం ఖాళీ కడుపుతో, గంటలో దాదాపు మూడు డ్రింకులు పుచ్చుకుందన్నమాట. లెక్క తేలాక మా అల్లుడి మొహంలో నవ్వు పోయింది. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి ఆ పిల్లకి తనే క్షమాపణ చెప్పుకున్నాడు.

"అంత జరిగాక పూర్తిగా మానెయ్యమని చెప్పకపోయావా?" అంటారు మీరు. మా చిన్నమ్మయితే ఆ సీసా పగలగొట్టి ఉండేది, ఆవిడకా హక్కుంది. ఆవిడ పిల్లల అన్నం అందులో పోయింది. మా అమ్మాయిది వేరే సంసారం, వాళ్ళ ఇల్లు, వాళ్ళ సంపాదన. నెలకో రెండు నెలలకో ఒకసారి ఓ గ్లాసు. మద్యానికి భద్రమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన మాట నేను వాళ్ళిద్దరికీ చెప్పాను. విన్నారు. ఆపైన తెంచుకునేదాకా లాగడం నాకిష్టం లేదు. అత్తగారి నోరు కన్నా చెంచా కొలత బాగా పనిచేస్తుందనిపించింది. రెండు వారాల తరవాత మళ్ళీ నలుగురు వస్తున్నారంటే, "ఈసారి నేను చేస్తాను, నా పద్ధతిలో" అన్నాను. "అమ్మా, నువ్వా!" అని మా అమ్మాయి నోరు తెరిచింది.

నా పద్ధతి ఇదీ. నాలుగు గ్లాసులకి చెబుతాను.

బాగా ముదిరిన పెద్ద కొబ్బరికాయ ఒకటి కోరి, అరకప్పు వేణ్ణీళ్ళు పోసి మిక్సీలో వేసి, పల్చటి గుడ్డలో గట్టిగా పిండండి. మొదటి పాలే కావాలి. చిక్కటి పాలు ఒక కప్పు ఉంటే, ముప్పావు కప్పు పంచదార, చిటికెడు ఉప్పు వేసి సన్నసెగ మీద పంచదార కరిగేదాకా కలపండి. మరగనివ్వొద్దు, మరిగితే విరిగి నూనె తేలుతుంది. చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. డబ్బా కొనేవాళ్ళు పేరు జాగ్రత్తగా చూసుకోవాలి. కోకోనట్ మిల్క్ పల్చన, కోకోనట్ క్రీం చిక్కన, ఈ రెండిట్లో సాధారణంగా తీపి ఉండదు. క్రీం ఆఫ్ కోకోనట్ అని ఉంటే అది పంచదార పోసినది. ఒకటి బదులు ఇంకోటి వాడితే చప్పగానో, పాకంలానో తయారవుతుంది.

అనాస బాగా పండింది, అడుగుభాగం వాసన చూస్తే ఘుమ్మనేది తీసుకోండి. కళ్ళన్నీ తీసేసి ముక్కలు కోసి, మూడు కప్పుల ముక్కలు ముందురోజు రాత్రే డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి. ఐసు ఎక్కువ వేస్తే కరిగి నీళ్ళ నీళ్ళగా అవుతుంది, ఈ గడ్డకట్టిన ముక్కలే ఐసు పని చేస్తాయి. మర్నాడు ఈ ముక్కలు, కప్పు అనాసరసం, ముప్పావు కప్పు తీపి కొబ్బరిపాలు, అర నిమ్మచెక్క రసం కలిపి మిక్సీలో మెత్తగా తిప్పండి. అంతే. రుచి చూసుకోండి, ఈ దశలో ఇంటిల్లిపాదీ చూడొచ్చు. ఎందుకంటే ఇందులో ఇంకా రమ్ము పడలేదు.

నేను మార్చిందల్లా ఇదొక్కటే. రమ్ము జగ్గులో పోయకూడదు. మిక్సీలో అసలే పోయకూడదు. గ్లాసులో పోయాలి, అదీ కావాలన్నవాళ్ళ గ్లాసులో, వాళ్ళ కళ్ళెదుట, చెంచాతో కొలిచి. టేబుల్ స్పూను 15 మిల్లీలీటర్లు. రెండు స్పూన్లయితే చిన్న పెగ్గు, దానితో రుచికేం లోటుండదన్నారు తాగినవాళ్ళు. హోటళ్ళలో 50 మిల్లీలీటర్ల దాకా పోస్తారు. ఇంట్లో హోటలుతో పోటీ ఎందుకు? గ్లాసులో పోసి పొడుగు చెంచాతో కలిపితే చక్కగా కలిసిపోతుంది, మిక్సీలోనే పొయ్యాలన్నది ఒట్టి అలవాటు.

సీసా మీద అంకె చదవడం మర్చిపోకండి. మామూలు తెల్ల రమ్ము 40 శాతం, మన దేశపు సీసాల మీద 42.8 అని ఉంటుంది. కొబ్బరి వాసన కలిపి అమ్మే రమ్ము చాలావాటిలో సుమారు 21 శాతమే, అంటే సగం. అది తేలికని దాని కొలత అలవాటయ్యాక, మామూలు రమ్ము చేతికొస్తే అంతే పోసేస్తారు. కొందరు వేయించిన ఎండుకొబ్బరి పలుకులు రెండు మూడు రోజులు రమ్ములో నానబెట్టి వడగట్టి, ఇంట్లోనే కొబ్బరి రమ్ము చేస్తారు. వాసన బానే ఉంటుందట, కానీ కొబ్బరి వేసినంత మాత్రాన ఘాటు తగ్గదు. అది 40 శాతంగానే ఉంటుంది.

గ్లాసుల విషయంలో నేనో పని చేశాను, అందరూ నవ్వారు. రమ్ము పడ్డవి గాజు గ్లాసుల్లో, పడనివి మన స్టీలు గ్లాసుల్లో. రెండూ ఒకే రంగు, ఒకే వాసన, పైన ఒకే అనాస ముక్క. బల్ల మీద పక్కపక్కన ఉంటే అయిదేళ్ళ పిల్లాడికేం తెలుస్తుంది, మనకే తెలియదు. స్టీలు గ్లాసైతే దూరం నుంచే కనిపెట్టొచ్చు. సగం తాగి వదిలిన గాజు గ్లాసులు మాత్రం వెంటవెంటనే తీసేసి సింకులో ఒంపెయ్యాలి.

ఎవరికి పోయకూడదో మీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. కడుపుతో ఉన్నవాళ్ళకి ఒక్క చెంచా కూడా వద్దు. కడుపో కాదో ఇంకా తెలియని కొత్త కోడళ్ళూ ఆ లెక్కలోకే వస్తారు. నిద్రమాత్రలు వేసుకునేవాళ్ళకి వద్దు, మెట్రోనిడజోల్ వాడుతున్నవాళ్ళకి వద్దు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళకి రెండు రకాల ప్రమాదం. తీపితో చక్కెర పెరుగుతుంది, తరవాత రమ్ము దాన్ని ఒక్కసారిగా పడగొట్టొచ్చు. కారు నడిపి ఇంటికెళ్ళేవాళ్ళకి స్టీలు గ్లాసే. ఎవరికైనా ఎక్కువైతే మజ్జిగ, నిమ్మరసం, కాఫీ పట్టించి దింపెయ్యొచ్చనుకోకండి, దేనితోనూ దిగదు, టైమే దింపాలి. పక్కకి తిప్పి పడుకోబెట్టి, మనిషి దగ్గరే ఉండండి. లేపితే లేవకపోయినా, ఊపిరి ఆగి ఆగి తీస్తున్నా పరువు చూసుకోకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఆ రెండోసారి స్టీలు గ్లాసులే ముందు ఖాళీ అయ్యాయి. తెనాలి పిల్ల కూడా వచ్చింది. రావడానికి మొహమాటపడుతుంటే నేనే ఫోన్ చేసి పిలిచాను. స్టీలు గ్లాసు పుచ్చుకుని, "ఇందులో ఏముందాంటీ?" అని అడిగింది. ఏమేం వేశానో ఒక్కొక్కటే చెప్పాను. మొత్తం విన్నాకే తాగింది.

ఇంకో చిన్న సంగతి. కొందరు ఇందులో వెనిల్లా ఐస్‌క్రీమో పాలమీగడో వేస్తారు. తాజా అనాసలో బ్రోమిలైన్ అనే పదార్థం ఉంటుంది, అది పాలలోని మాంసకృత్తుల్ని విరగ్గొడుతుంది. కాసేపు ఉంచితే చేదెక్కిపోతుంది. అంచేత ఐస్‌క్రీం వేస్తే వెంటనే తాగెయ్యాలి, లేదా అనాస ముక్కల్ని ముందు ఓ ఉడుకు రానిచ్చి చల్లార్చి వాడుకోవాలి. డబ్బా రసం వేడి చేసి నింపినదే కాబట్టి దానితో ఆ బెడద లేదు.

తీపి కొబ్బరిపాలు మిగిలితే ఫ్రిజ్‌లో గాజు సీసాలో మూడు నాలుగు రోజులుంటాయి. సేమ్యా పాయసం దింపి కాస్త చల్లారాక రెండు గరిటెలు కలపండి. పిండేసిన కొబ్బరి పిప్పి పారెయ్యకండి. నాలుగు పచ్చిమిరపకాయలు, కాస్త చింతపండు వేసి నూరి, ఇంగువ తాలింపు పెడితే ఆ రాత్రికి పెరుగన్నంలోకి పచ్చడి అయిపోతుంది.